గ్రహణం చూసేదెలా, మళ్లీ ఎప్పుడొస్తుందో లెక్క కట్టేదెలా: శ్రీకాకుళం వాళ్ల కోసం

1999 ఆగస్టు 11న సంపూర్ణ సూర్యగ్రహణం మన శ్రీకాకుళం దాకా వచ్చింది. ఆ రోజు చంద్రుడి నీడ అట్లాంటిక్ సముద్రంలో మొదలై, ఇంగ్లండ్ కొస, ఫ్రాన్స్, జర్మనీ, రుమేనియా, టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ దాటి, గుజరాత్ దగ్గర మన దేశంలోకి వచ్చింది. పొద్దుగూకే వేళకు శ్రీకాకుళం మీదుగా బంగాళాఖాతంలోకి దిగి అక్కడితో ఆగిపోయింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మా ఇంట్లో మధ్యాహ్నం నుంచే తలుపులు వేసేశారు. కిటికీ రెక్కల సందుకి కూడా పాత దుప్పటి అడ్డం కట్టారు. అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని కూర్చుంది. దుప్పటి చిరుగులోంచి గోడ మీద పడుతున్న చిన్న వెలుగు చుక్క సన్నబడి, సన్నబడి, ఆరిపోయింది. అంతే నేను చూసింది. ఒక ఊరి మీదికి సంపూర్ణ గ్రహణం మళ్లీ రావాలంటే సగటున మూడు, నాలుగు వందల ఏళ్లు పడుతుందని తర్వాత తెలిసింది.

ఆ వెలుగు చుక్క నిజానికి సూర్యుడి బొమ్మే. అదీ తర్వాతే తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

మనకి దగ్గర్లో ఉన్నది 2027 ఆగస్టు 2, సోమవారం, ఆషాఢ అమావాస్య. ఆ రోజు ఈజిప్టులోని లక్సర్ దగ్గర సూర్యుడు ఆరు నిమిషాలకు పైగా పూర్తిగా మూసుకుపోతాడు. మనకి సాయంత్రం పూట పాక్షికంగా కనిపిస్తుంది, అంటే సూర్యబింబంలో కొంత ముక్క మాత్రమే మరుగున పడుతుంది. పొద్దుగూకేలోపే విడిచిపోతుంది కూడా. మీ ఊరికి సరిపడే స్పర్శ, మోక్ష సమయాలు ఆ ఏటి పంచాంగంలో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. స్పర్శ అంటే పట్టడం, మోక్షం అంటే విడవడం.

ముందు చోటు చూసుకోండి

గ్రహణం అనగానే మన పిల్లలు కళింగపట్నమో, బారువో, భావనపాడో పోదాం అంటారు. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దున పట్టే గ్రహణానికి అంత మంచి చోటు లేదు. 2016 మార్చి 9న సూర్యుడు గ్రహణంతోనే ఉదయించాడు, అలాంటి రోజుకి బీచే కావాలి. కానీ 2027లో గ్రహణం పట్టేది సాయంత్రం, సూర్యుడు పడమట ఉంటాడు. బీచ్‌లో నిలబడితే సముద్రానికి వీపు పెట్టి కొబ్బరి తోటల వైపు చూడాలి. తోట అడ్డమొస్తే ఏమీ కనపడదు.

కాబట్టి పడమర ఖాళీగా ఉన్న చోటు వెతకండి. పొలం గట్టు, చెరువు గట్టు, నాగావళి ఒడ్డో వంశధార ఒడ్డో, లేదా మీ మేడ మీద. వారం ముందు ఒక సాయంత్రం ఐదింటికి అక్కడికి వెళ్లి నిలబడి చూడండి. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ఆగస్టు మొదట్లో ఐదింటికి మన దగ్గర సూర్యుడు దాదాపు రెండు పిడికిళ్ల ఎత్తులో, సరిగ్గా పడమరకి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ రెండు పిడికిళ్ల మేర టవరు, వేపచెట్టు, పక్కింటి వాటర్ ట్యాంకు అడ్డం లేకపోతే ఆ చోటు ఖాయం చేసుకోండి.

ఆగస్టంటే ముసురు. దానికి మందు లేదు. అయితే మబ్బు విరిగి రెండు నిమిషాలు కనిపించినా చాలు, ఇది నిమిషంలో అయిపోయే గ్రహణం కాదు. వాన పడుతున్నా ఇంట్లో ఉండిపోకండి.

కళ్ల సంగతి

ఈ ఒక్క భాగం పిల్లలకి చదివి వినిపించండి.

పాక్షిక గ్రహణంలో ఏ క్షణంలోనూ ఒట్టి కంటితో సూర్యుడిని చూడకూడదు. మామూలు రోజున ఎండే మన చేత తల తిప్పిస్తుంది. గ్రహణం రోజున వెలుగు తగ్గినట్టు ఉంటుంది, చూడాలనే ఆశ కూడా ఉంటుంది కాబట్టి కన్ను ఎక్కువసేపు నిలుస్తుంది. కంటి వెనక ఉండే రెటీనాకి నొప్పి తెలియదు. అది కాలుతున్నా మనకి ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాతో, మర్నాడో, చూపు మధ్యలో మచ్చ కనబడినప్పుడు తెలుస్తుంది.

పాత ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు, కూలింగ్ గ్లాసులు, సీడీ, ఫోటో నెగెటివ్ ఇవేవీ వద్దు. పసుపు నీళ్లలో, పేడ నీళ్లలో నీడ చూడటం మన ఇళ్లల్లో పాత అలవాటు. నీళ్ల మీంచి తిరిగొచ్చే వెలుగు కూడా కంటికి ఎక్కువే, అదీ మానండి. నేరుగా చూడాలంటే ఐఎస్ఓ 12312-2 అని ముద్ర ఉన్న గ్రహణం కళ్లద్దాలు కావాలి. లేదా వెల్డింగ్ షాపులో 14వ నంబరు నల్ల గాజు అడగండి. 14 కన్నా తక్కువ నంబరు సరిపోదు.

కళ్లద్దాలు కొన్నాక ఇంట్లోనే పరీక్ష చేయండి. పెట్టుకుని ట్యూబ్‌లైట్ వైపు చూస్తే ఏమీ కనపడకూడదు, లేదంటే చాలా మసగ్గా ఉండాలి. గదిలో కుర్చీ, బల్ల కనిపిస్తున్నాయంటే అవి పనికిరావు. గీత పడ్డా, మడత దగ్గర చిరిగినా పారేయండి. అవి పెట్టుకుని బైనాక్యులర్‌లోంచి మాత్రం చూడొద్దు. బైనాక్యులర్ వెలుగునంతా ఒక్కచోటికి చేర్చి ఆ ఫిల్మునీ, వెనకున్న కన్నునీ కాల్చేస్తుంది. ఫోన్ కెమెరాకి కూడా అదే ఫిల్ము అడ్డం పెట్టి ఫోటో తీయండి.

అద్దాలు లేకపోతే

లేకపోతేనే బాగుంటుందని నాకనిపిస్తుంది. ఒకరు చూస్తుంటే పదిమంది తమ వంతు కోసం చేతులు చాపక్కర్లేదు, వీధి వీధంతా కలిసి చూడొచ్చు.

తాటాకు పాకలో మధ్యాహ్నం పూట నేల మీద గుండ్రని ఎండ చుక్కలు పడి ఉండటం మీరు చూసే ఉంటారు. కప్పులో కన్నాలు ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటాయి, పొడుగ్గా, మూడు మూలలుగా, చీలికలా. చుక్కలు మాత్రం అన్నీ గుండ్రంగానే ఉంటాయి. ఎందుకంటే అది కన్నం ఆకారం కాదు, సూర్యుడి ఆకారం. గ్రహణం పట్టాక అదే నేల చూడండి. చుక్కలన్నీ ఒకేసారి ఒక పక్క కొరికినట్టు అవుతాయి. జీడిమామిడి చెట్టు కింద, పనస చెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే ఎండా అంతే. ఉద్దానం తోటల్లో ఉన్నవాళ్లు ఒక తెల్ల దుప్పటి చెట్టు కింద పరిస్తే చాలు, వందల కొద్దీ చిన్న చిన్న సూర్యుళ్లు.

ఇంట్లో అయితే చిల్లుల గరిటె తీసుకోండి. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, గరిటె భుజం పక్కన పట్టుకుని, ముందు ఉన్న తెల్ల గోడ మీద దాని నీడ పడనివ్వండి. నీడలో ఒక్కో చిల్లు ఒక్కో సూర్యబింబం. చూపు గోడ మీదే ఉండాలి, గరిటె చిల్లులోంచి సూర్యుడిని చూడకూడదు.

ఇంకా పెద్ద బొమ్మ కావాలంటే ముఖం చూసుకునే చిన్న అద్దం తీసుకోండి. నల్ల కాగితంలో శనగగింజంత కన్నం చేసి అద్దానికి అతికించండి. అద్దాన్ని బయట ఎండలో ఇసుక డబ్బా మీద ఆనించి, ఆ వెలుగు తలుపులోంచి చీకటి గదిలో ఎదురుగోడ మీద పడేలా తిప్పండి. సూర్యుడు మనకి తన వ్యాసానికి దాదాపు 108 రెట్ల దూరంలో ఉన్నాడు. కాబట్టి అద్దానికీ గోడకీ మధ్య దూరాన్ని 108తో భాగిస్తే గోడ మీద బొమ్మ ఎంత ఉంటుందో వస్తుంది. పది మీటర్ల దూరానికి తొమ్మిది సెంటీమీటర్లు, గాజు సైజు కన్నా ఎక్కువే. ఆ వెలుగు ఎవరి కళ్లలోనూ పడకుండా అద్దం దగ్గర పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. గోడ మీద బొమ్మ చుట్టూ పెన్సిల్‌తో గీసి, పావుగంటకోసారి కొరుకు ఎక్కడికి వచ్చిందో గుర్తు పెట్టండి. పిల్లలకి ఈ పని అప్పజెప్పండి, కదలరు.

ఇంటి ఆచారాల మాట ఒకటి. దర్భలు వేసుకోవాలన్నా, పట్టు స్నానం, విడుపు స్నానం చేయాలన్నా మీ ఇష్టం, అవి గ్రహణం చూడటానికి అడ్డు కావు. కానీ గర్భిణిని గంటల తరబడి కదలకుండా, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా కూర్చోబెట్టకండి. గ్రహణం వెలుగులో ప్రత్యేకంగా చేరే విషమేదీ లేదు. నీళ్లు తాగకపోతే మాత్రం నిజంగా ప్రమాదం. అరసవల్లి వెళ్లాలనుకునేవాళ్లు గుడి ఎప్పుడు మూసి ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కుని బయలుదేరండి.

ఇప్పుడు లెక్క: ప్రతి అమావాస్యకీ ఎందుకు పట్టదు

రెండు గాజులు తీసుకోండి, ఒకటి కాస్త పెద్దది. చిన్నదాన్ని పెద్దదాని లోపల పెట్టి కొంచెం వాలుగా తిప్పండి. రెండూ రెండు చోట్ల మాత్రమే ఒకే మట్టంలో కలుస్తాయి. పెద్ద గాజు సూర్యుడు నడిచే దారి, చిన్నది చంద్రుడి దారి. వాటి మధ్య వాలు ఐదు డిగ్రీలు. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే, అందుకే మామూలు అమావాస్యకి చంద్రుడు సూర్యుడికి పైనుంచో కిందనుంచో పక్కకి పోతాడు. ఆ కలిసే రెండు చోట్లకే మన వాళ్లు రాహువు, కేతువు అని పేరు పెట్టారు. పాము మింగిందన్న కథ ఎలా పుట్టినా, పంచాంగం రాసేవాళ్లకి రాహువంటే గుణించి పట్టుకోగల స్థానమే. గ్రహణం నీడల వల్లేనని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే రాశాడు.

రాహుకేతువులు ఎప్పుడూ వక్రగతిలో ఉంటారని, ఒక్కో రాశిలో ఏడాదిన్నర ఉంటారని జాతకం చూపించుకునేవాళ్లందరికీ తెలుసు. ఏడాదిన్నర కాస్త మించి, పన్నెండు రాశులకి 18.6 ఏళ్లు. ఆ రెండు చోట్లూ వెనక్కి జరుగుతూ ఉండటం వల్ల సూర్యుడు రాహువుని ఒకసారి దాటి మళ్లీ రాహువు దగ్గరికి రావడానికి ఏడాది పట్టదు, 346.6 రోజులే. మధ్యలో కేతువు. అంటే ప్రతి 173 రోజులకి ఒకసారి సూర్యుడు ఇద్దరిలో ఒకరి దగ్గర ఉంటాడు. ఆ కలయికకి అటూ ఇటూ కలిపి దాదాపు 34 రోజులు గ్రహణాల కాలం. అమావాస్య నుంచి అమావాస్యకి 29.5 రోజులే కాబట్టి, ఆ 34 రోజుల్లో ఒక అమావాస్య తప్పకుండా పడుతుంది. అందుకే భూమి మీద ఎక్కడో ఒకచోట ఏడాదికి కనీసం రెండు సూర్యగ్రహణాలు ఉంటాయి.

జంటగా పక్షం రోజుల తేడాతో చంద్రగ్రహణం వస్తుంది. 2022లో దీపావళి మర్నాడు, అక్టోబర్ 25న, సాయంత్రం సూర్యగ్రహణం పట్టింది. నవంబర్ 8న కార్తీక పౌర్ణమికి చంద్రుడు గ్రహణంతో ఉదయించాడు. కార్తీక దీపాలు ఎప్పుడు పెట్టాలా అని ఇంటింటా టెన్షన్ పడ్డది ఆ రోజే.

లెక్క కట్టండి

ఒక నోటుబుక్కు, క్యాలెండరు చాలు.

మొదటిది, చిన్న లెక్క. గ్రహణం తేదీకి ఆరు అమావాస్యలు, అంటే 177 రోజులు కలపండి. 2027 ఆగస్టు 2కి 177 కలిపితే 2028 జనవరి 26. రిపబ్లిక్ డే. అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టండి.

రెండోది, పెద్ద లెక్క. మనం చూసిన ఏ గ్రహణానికైనా 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలు కలపండి. ఆ మధ్యలో ఫిబ్రవరి 29 నాలుగుసార్లు వస్తే 11 రోజులు, ఐదుసార్లు వస్తే 10 రోజులు. దీన్ని సారోస్ చక్రం అంటారు. బాబిలోన్ వాళ్లు మట్టి పలకల మీద గ్రహణాలు రాసుకుంటూ పోయి దీన్ని కనిపెట్టారు.

చేసి చూద్దాం. 2010 జనవరి 15, కనుమ పండగ రోజు, మధ్యాహ్నం గ్రహణం పట్టింది. కన్యాకుమారి, రామేశ్వరంలో ఉంగరంలా కనిపించింది, మనకి పాక్షికం. 2010కి 18 కలిపితే 2028. మధ్యలో 2012, 2016, 2020, 2024, నాలుగు లీపు సంవత్సరాలు, కాబట్టి 11 రోజులు. 15కి 11 కలిపితే 26. 2028 జనవరి 26!

ఇందాక సున్నా చుట్టిన తేదీయే. ఒకటి ఆరు నెలల వెనక నుంచి, ఇంకొకటి పద్దెనిమిదేళ్ల వెనక నుంచి బయలుదేరి ఒకే రోజు దగ్గర కలిశాయి. మొదటిసారి ఇలా కలిసినప్పుడు నేను క్యాలెండరు తిరగేసి మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను.

ఎందుకు కుదురుతుందంటే మూడు గడియారాలు ఒకేసారి మొదటికి వస్తాయి. 223 అమావాస్యలకి 6585.32 రోజులు. చంద్రుడు రాహువు దగ్గరికి 242 సార్లు రావడానికి 6585.36 రోజులు. భూమికి దగ్గరగా 239 సార్లు రావడానికి 6585.54 రోజులు. మూడూ ఒక్క రోజు లోపు తేడాతో. అందుకే తిరిగొచ్చే గ్రహణం రకంలోనూ పాతదాని పోలికే: సంపూర్ణమైతే మళ్లీ సంపూర్ణం, ఉంగరమైతే మళ్లీ ఉంగరం.

ఆ .32 రోజు దగ్గరే తిరకాసు. అది దాదాపు ఎనిమిది గంటలు. ఈలోగా భూమి మూడో వంతు తిరిగిపోతుంది, గ్రహణం 120 డిగ్రీలు పడమరకి జరుగుతుంది. 2010 కనుమ గ్రహణం నడిమి ఘడియ మన టైములో మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక. 2028లో అది రాత్రి ఎనిమిదిన్నర దాటాక, దక్షిణ అమెరికా వాళ్లకి పగలు. మనకి కనపడదు. కాబట్టి తేదీ తేల్చాక ఎనిమిది గంటలు కలిపి అది మనకి పగలా రాత్రా అని తప్పకుండా చూడండి. ఈ ఎనిమిది గంటలు మొత్తం భూమికి లెక్కేసిన నడిమి ఘడియకే వర్తిస్తాయి. మన ఊళ్లో పట్టే, విడిచే నిమిషాలు పంచాంగంలోనే చూసుకోవాలి.

2009 జూలై 22 పొద్దుటి గ్రహణం మీకు గుర్తుంటే, సూరత్, వారణాసి, పాట్నా మీదుగా వెళ్లినది, దానికి 18 ఏళ్ల 11 రోజులు కలపండి. 2027 ఆగస్టు 2 వస్తుంది. మేడ మీద మనం ఎదురుచూడబోయేది దాని తమ్ముడినే.

మూడోది, మూడుసార్లు కలపడం. ఎనిమిది గంటలు మూడుసార్లయితే ఒక పూర్తి రోజు, గ్రహణం మళ్లీ మన వైపుకే వస్తుంది. 54 ఏళ్ల నెల రోజులు. 1980 ఫిబ్రవరి 16న మన పక్కనే పూరీ, కోణార్క్ మీద సంపూర్ణ గ్రహణం. 1998లో అది కరీబియన్ దీవుల మీద, 2016లో ఇండోనేషియా మీద. 2034 మార్చి 20న కార్గిల్ వైపు సంపూర్ణం, మనకి పాక్షికం. తిరిగి వచ్చింది గానీ ఉత్తరానికి జరిగి వచ్చింది. 6585.32కీ 6585.36కీ ఉన్న ఆ కొద్దిపాటి తేడాయే ప్రతిసారీ కొంచెం కొంచెంగా ఇలా జరుపుతుంది. ఇలా 18 ఏళ్లకోసారి తిరిగొచ్చే గ్రహణాల వరుసే ఒక సారోస్ కుటుంబం. చివరికి ఆ కుటుంబమే ధ్రువం మీంచి దాటిపోయి ముగుస్తుంది.

పంతొమ్మిదేళ్లకి అదే తేదీన గ్రహణం రావడం అనే ఇంకో లెక్క ఉంది: 1999 ఆగస్టు 11, 2018 ఆగస్టు 11. నాలుగైదుసార్లకి మించి నిలవదు కాబట్టి దాన్ని నమ్ముకోకండి.

ఇక శ్రీకాకుళం వచ్చిన ఆ 1999 గ్రహణం. దానిది 145వ సారోస్ కుటుంబం. 1639లో పుట్టింది, మొత్తం 77 గ్రహణాలు, మనది 21వది. పదేళ్లు చదివి అమెరికా వెళ్లిన మన పిల్లలు 2017 ఆగస్టు 21న ఒరెగాన్ నుంచి సౌత్ కరోలినా దాకా రోడ్ల పక్కన కార్లు ఆపుకుని చూసింది 22వది. మా తమ్ముడు అక్కడి నుంచే వీడియో కాల్ చేసి, "అన్నయ్యా, ఇది మన ఊరిదే" అన్నాడు. 23వది 2035 సెప్టెంబర్ 2న చైనా, జపాన్ మీద. 24వది 2053 సెప్టెంబర్ 12న సౌదీ అరేబియా, మాల్దీవుల మీదుగా మన దక్షిణాన వెళుతుంది, మనకి మధ్యాహ్నం దాటాక పాక్షికం.

గ్రహణం విడిచాక నోటుబుక్కులో ఒక పేజీ తీసి, తేదీ, ఊరు, ఎన్నింటికి కొరుకు మొదలైనట్టు కనిపించింది, ఎన్నింటికి విడిచింది, మబ్బు ఎంతసేపు ఉంది అని రాయండి. గోడ మీద పెన్సిల్ గీతలు చెరపకముందే వాటినీ కాగితం మీద దించండి. 2027 ఆగస్టు 2 పక్కన 2045 ఆగస్టు 12 అని కూడా రాయండి. లీపు రోజులు ఐదు, కాబట్టి పది రోజులే కలిపాం. ఆ గ్రహణం అమెరికాకి, అప్పుడు మనకి రాత్రి. వీడియో కాల్ వస్తుంది, మేలుకుని ఉండాలి.